బావ బండి హీటర్ ప్లగ్గులు

ఈరోజు పొద్దున పాలవ్యాను మా ఇంటి ముందు ఆగింది. పెనుకొండలో మార్గశిరం చలి, కొండ సగం మంచులో ఉంది. క్యాన్లు దించాక డ్రైవరు కీ సగం తిప్పి, ఎదురుగా వెలిగిన పసుపుపచ్చ తీగచుట్ట గుర్తు ఆరేదాకా చూసి, అప్పుడు స్టార్ట్ చేశాడు. ఒక్క ఊపుకే ఇంజను లేచింది. కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లో నిలబడ్డ నేను "ప్లగ్గులు బాగున్నాయి" అని పైకే అనేసుకుని, ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాను. ఉద్యోగమంతా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి రిటైరైన టీచరమ్మకు డీజిల్ బండి హీటర్ ప్లగ్గుల సంగతి ఎందుకు? అంతా మా బావ పుణ్యం.

బావ అంటే మా అక్క భర్త. పెళ్ళినాటికే లైను లారీ డ్రైవరు. గుజరాత్ అనీ మహారాష్ట్ర అనీ పోతే, ఎప్పుడు తిరిగొస్తాడో ఆయనకే తెలిసేది కాదు. ఏ లారీ హారను వినిపించినా అక్క చేతిలో పని వదిలి వాకిట్లోకి వచ్చేది. అట్లా చాలా ఏళ్ళు గడిచాక, చేతిలో ఉన్నదంతా ఊడ్చి ఒక పాత డీజిల్ పికప్పు కొన్నారు. చుట్టుపక్కల పల్లెల్లో పట్టుపురుగులు పెంచే రైతుల దగ్గర గూళ్ళు ఎత్తుకుని పొద్దున్నే హిందూపురం మార్కెట్టుకు వేయాలి, మధ్యాహ్నం బాడుగ దొరికితే ధర్మవరం దాకా పోయి రావాలి, పొద్దు గూకేసరికి ఇల్లు చేరాలి. ఈ ఇల్లు చేరడమనే ముక్క అక్కకు ఎంత రుచించిందంటే, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ అదే చెప్పేది. ఆ బండి విషయంలో ఆమె కోరుకున్నది ఒక్కటే. ముందు అద్దం కింద కదిరి నరసింహస్వామి పటం, దానికొక చిన్న ఎర్ర బల్బు. బండ్లకు పాటల పెట్టెలు బిగించే ఒకతని చేత దగ్గరుండి పెట్టించింది.

ఎండాకాలం హాయిగా గడిచింది. చలి మొదలవగానే బండి మొండికేసింది. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ వదిలి, దగ్గి, ఊరుకునేది. వీధిలో మగవాళ్ళందరికీ నెట్టడంతో మంచి వ్యాయామమైంది. డీజిల్ ఇంజను లోపలి వేడితోనే మండాలట, చలికి ఆ వేడి చాలదట. అందుకని ఒక్కో సిలిండరుకు వేలెడంత హీటర్ ప్లగ్గు పెడతారు. కీ తిప్పగానే అది ఎర్రగా కాగి, ఇంజను లేచాక చల్లారిపోవాలి. విప్పి చూస్తే మా బావ బండిలో నాలుగూ మాడిపోయి ఉన్నాయి. కొత్తవి వేయించాడు. నెల తిరక్కముందే అవీ మాడిపోయాయి.

హిందూపురం మెకానిక్కు అది డూప్లికేట్ మాలు అన్నాడు. బావ పనిగట్టుకుని బెంగళూరు పోయి అసలువి తెచ్చాడు. అవీ పోయాయి. ఇంకో మెకానిక్కు తప్పు డ్రైవరు మీదికి నెట్టాడు. "నీ చెయ్యి బరువన్నా. కీ తిప్పి శానాసేపు పట్టుకుంటాండావు" అన్నాడు. ఘాట్ రోడ్లలో పది చక్రాల లారీ నడిపిన మనిషికి ఆ మాట ముల్లులా దిగింది. ఆ తర్వాత నిద్రపోతున్న పసిబిడ్డను లేపినంత మెల్లగా కీ తిప్పేవాడు. అయినా పోయాయి. ప్లగ్గులకు కరెంటు వదిలే రిలే మార్చారు, బ్యాటరీ చార్జింగు చూశారు. మా పెద్దమ్మ వచ్చి దిష్టి తీసింది. నేనూ ఊరుకోలేదు, డీజిల్లో నీళ్ళు కలుస్తున్నాయేమో అన్నాను. బావ చూసిన చూపుకు మళ్ళీ నోరు తెరవలేదు.

నవ్వులాట అక్కడితో ఆగిపోయింది. గూళ్ళు వేలానికి వేళకు చేరకపోతే రైతు కష్టం మట్టిపాలే. కనగానపల్లి వైపు రైతులు ఒక్కొక్కరే వేరే బండి చూసుకున్నారు. ఒకరోజు బావ అన్నం ముందు కూర్చుని, "ఈ ఒక్క తూరి చూస్తా. మళ్ళా కాలితే బండి అమ్మేసేదే. పాత ఓనరు లారీకి రమ్మంటాండాడు" అన్నాడు. మరుసటి పూట అక్క చారులో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఆ చివరిసారి ధర్మవరంలో చూపించడానికి పోతుంటే, నాకు చీరల పని ఉందని వంక పెట్టి నేనూ, ఊరికే అక్కా బండెక్కాం. అక్కడి మెకానిక్కు ఇంజను నడుస్తుండగానే ప్లగ్గుల తీగకు టెస్టు బల్బు తగిలించాడు. వెలిగింది. వెలగకూడదట.

"ఇంజను లేసినాంక కూడా కరెంటు పోతానే ఉండాదన్నా. దావ పొడుగునా కాల్తానే ఉండాయి ప్లగ్గులు. ఇంగ నిలుస్తాయా?" అన్నాడు.

ఆ కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో ఎంత వెదికినా దొరకలేదు. బానెట్టు కింద ఇద్దరూ తల దూర్చి ఉంటే, ముందు సీట్లో కూర్చున్న అక్క ఊరికే ఉండలేక చెంగుతో స్వామి పటం తుడవసాగింది. తీగ చేతికి ఊడొచ్చింది. ఎర్ర బల్బు ఆరిపోయింది.

"ఎవురు లోపల? ఏం ముట్టినారు?" అని మెకానిక్కు అరిచాడు. "ఈడ ఆరిపాయ!"

"ఏం లేదప్పా, తగిలిస్తాండా" అంది అక్క కంగారుగా.

"మళ్ళా వెలిగె!"

అక్క తీగ తీసింది. పెట్టింది. మళ్ళీ తీసింది. ఆ మూడోసారికి ఆమెకు అర్థమైపోయిందని పక్కన కూర్చున్న నాకు తెలిసింది. మెకానిక్కు కిటికీ దగ్గరికి వచ్చేసరికి తనే చెప్పేసింది. మొదట పెట్టినప్పుడు ఆ బల్బు కీ తిప్పగానే వెలిగి, కాసేపటికే ఆరిపోయిందట. తను ఒప్పుకోలేదట. "బండి నడిసేంతసేపూ ఆరగూడదు అంటి. ఆ అబ్బి ఇంగో తీగ తెచ్చి దీంట్లో కలిపినాడప్పా" అంది. మొదటి తీగ హీటర్లది. దీపం ఆరకుండా తెచ్చి కలిపిన కరెంటు, ఆ తీగ వెంబడి హీటర్లను కూడా ఆరనివ్వలేదు.

"దీపానికి వేరే తీగ ఇస్తాలేక్కా, ఏం కాదు" అన్నాడు మెకానిక్కు.

"వద్దులేప్పా. పటం చాలు. సామి అడిగినాడా దీపం? నా బయానికి నేను పెట్టుకుంటి" అని బల్బు ఊడదీసి సంచిలో వేసుకుంది.

బరువు చెయ్యి అనిపించుకున్న మనిషి కదా, బావ ఇప్పుడు విరుచుకుపడతాడనుకున్నాను. ఆయన తలుపు పట్టుకుని లోపలికి వంగాడు. "ఇంత బయమున్నిందా నీకు? లారీ మింద ఉన్నప్పుడు ఒక్క దినమన్నా చెప్పకపోతివే" అన్నాడు.

"చెప్తే ఆపుతాంటివా?" అంది అక్క. నేను చీరల అంగళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ బండి మళ్ళీ ప్లగ్గులు కాల్చలేదు. బావ దాన్ని అరిగేదాకా తోలి, మొన్న మొన్ననే అమ్మేశాడు. ఇప్పుడు ఇంట్లో కూర్చుని గంటకోసారి టీ అడిగి అక్కను విసిగిస్తుంటాడు. ఆ మధ్య మాటల్లో, బావ లారీ నడిపిన ఏళ్ళూ ఈ బండి నడిపిన ఏళ్ళూ సమానమే కదా అన్నాను. అక్క నవ్వి కొట్టిపారేసింది. వేళ్ళ మీద లెక్కపెట్టింది, నమ్మకం కుదరక మళ్ళీ మొదటి నుంచి పెట్టింది. "ఆ లారీ ఏండ్లు ఎంతకీ జరగలేదు గదే. ఇవి యాడికి పాయ?" అంది. ఆ రెండూ ఒకే పొడుగని ఆమెను ఒప్పించడం నా వల్ల కాలేదు, నిజానికి నేనూ నమ్మడం లేదు.