అవ్వ పసుపు మరకను ఎండకు అప్పగించింది

మా అవ్వ జంగమ్మ నలభై ఏళ్లు గద్వాల మగ్గాలకు పట్టుదారం కండెలు చుట్టింది. దారంలో ఆవగింజంత ముడి ఉన్నా ఆమె వేళ్లకు దొరికేది. చూపు తగ్గాక ఇంట్లో కూర్చోమంటే వినలేదు. ఇప్పుడు రాయచూరు రోడ్డులో శివశంకర్ అన్న షాపులో కార్లు తుడుస్తుంది. అక్కడికి కరెంటు కార్లు ఎక్కువగా వస్తాయి. తొలిరోజు ఒక కారు చప్పుడు లేకుండా వచ్చి వెనక నిలబడితే, "ఊపిరి గూడ తీస్తలేదేందే!" అని దానికి దండం పెట్టిందట. ఇప్పటికీ ఛార్జింగ్ మూత పడిందో లేదో తడిమి చూడనిదే ఎవరినీ నీళ్ల పైపు పట్టనివ్వదు.

నేను తొమ్మిదో తరగతితో చదువు ముగించి, ఆమెకు సద్ది మోసే కొలువులో ఉన్నాను. అందుకే ఆ రోజు జరిగిందంతా చూశాను.

వనపర్తిలో పాఠాలు చెప్పే నవనీత మేడం తెల్ల కరెంటు కారు కొని, శ్రీరంగాపూర్ గుడి దగ్గర పూజ చేయించింది. బానెట్ మీద మందంగా పసుపు స్వస్తిక్ వేశారు. దేవుడి గుర్తు తుడవకూడదని వారం రోజులు అలాగే ఉంచి, తర్వాత కడగమని షాపులో వదిలి వెళ్లింది. పాలిష్ మిషన్ పట్టే భరత్ సబ్బు పోసి ముద్దను కడిగేసరికి, కింద మిగిలిన మరకంతా ఎర్రబడింది.

"అన్నా, పసుపు బండి రంగును తినేసింది! మిషన్ పెట్టి గీకుత."

"ఏదన్న చెయ్‌రా, మేడం నాలుగింటికి వస్తది," శివశంకర్ అన్న చెమట తుడుచుకున్నాడు.

అవ్వ అడ్డం వచ్చి మరక మీద వేళ్లు నడిపించింది. "రంగుకు ఏం కాలే, నున్నగనే ఉంది. మిషన్ పెడితే మెరుపే పోతది. సబ్బు కడిగి ఎండల పెట్టుండ్రి."

"వారం సంది ఎండల్నే ఉంది గద అవ్వా!" అన్నాడు భరత్.

"మీద ముద్ద ఉండె. దాని కిందికి ఎండ ఏడికెల్లి పోతది? చీర మీద పసుపు పడితె మేం గిట్లనే తీస్తుంటిమి."

"పోకుంటే?" అన్నాడు శివశంకర్ అన్న.

"రేపటి సంది నేను పనికి రాను."

శివశంకర్ అన్న సబ్బు కడిగించి కారును ఎండలోకి తోయించాడు, అవ్వ పక్కన నీడలో కూర్చుంది. ఆ షాపు లేకపోతే అవ్వ నాలుగు రోజుల్లో మంచం పడుతుందని నాకు తెలుసు. పైకి మాత్రం, "సూర్యుడు పనిచేస్తుంటే నువ్వు కూసున్నవ్, సిగ్గులేదా?" అన్నాను.

"నోర్మూయ్ పోరీ. బడి ఎగ్గొట్టినదానివి నువ్వా నాకు చెప్పేది!"

మధ్యాహ్నానికి ఎరుపు పోయి పసుపు మిగిలింది. రెండింటికి అది వెన్న రంగుకు దిగింది. ఎవరి చెయ్యీ పడకుండా, గీత వెంట గీత మాయమవుతుంటే మేమందరం ఆ ఎండలోనే నోరు తెరిచి నిలబడ్డాం. భరత్ సెల్ ఫోన్ చూడటం కూడా మరిచాడు.

నాలుగింటికి నవనీత మేడం వచ్చింది. బానెట్ పాలమీగడలా ఉంది. కడగమన్నది తనే అయినా ఆమె మొహం వాడిపోయింది. "దేవుడి గుర్తు మొత్తం పోయిందా?"

"సూర్యుడే తీస్కపోయిండు బిడ్డా. మేమెవ్వరం తుడ్వలే."

మేడం ఆకాశం వైపు చూసి చేతులు జోడించింది. భరత్ మిషన్ వైరు చుట్టి లోపల పెట్టి, మెల్లగా అవ్వ పక్కకు చేరాడు.

"అవ్వా, రేపు జర జల్ది రా. పూజ చేసిన బండి ఇంకోటి వస్తది."