సాయవ్వ గ్రామసభ

2008లో నారాయణఖేడ్ ప్రాంతంలోని ఒక మండలానికి పంచాయతీ విస్తరణాధికారిగా వెళ్లాను. సర్పంచులు పని చేస్తున్నారో లేదో చూసి పైకి రాయడం నా ఉద్యోగం. ఏడాదికి రెండు గ్రామసభలు పెట్టని సర్పంచ్ పదవి పోతుంది. ఆ మండలంలో ఒక ఊరి సర్పంచ్ సాయవ్వ ఆ ఏడాది ఒకటే పెట్టింది. మార్చితో గడువు అయిపోతుంది.

ఆమె పనిదొంగ కాదు. ఊరి బోరు బాగుచేయించమని మూడు రోజులు నా టేబుల్ ముందు కూర్చున్న మనిషి. దసరా కాగానే భర్తతో చెరుకు కొట్టడానికి జహీరాబాద్ వైపు వెళ్లిపోయింది. నాకు కుదురు లేక, జనవరిలో బండేసుకుని ఆ తోటకే వెళ్లాను. ఒక్కరోజు వచ్చి సభ పెట్టి పొమ్మన్నాను.

ఆమె కత్తి ఆపలేదు. "ఆలుమొగల జోడి లేకుంటే కూలోళ్లను తెచ్చే ముకద్దమ్ పనిల వెట్టుకోడు సార్. నేను రాకుంటే మా ఆయనను గూడ ఎల్లగొడ్తడు. గా గౌరవ వేతనం ఎప్పుడొస్తదో మీకే ఎరుక లేదు. ఇగ ఇంట్ల పొయ్యి ఎట్ల ముట్టాలె?"

ఆ మాటకు ఒళ్లు మండింది. పైగా సిగ్గేసింది. దసరాకు ఊరు సగం ఖాళీ అవుతుందని నాకు తెలుసు. రెండో సభ అంతకు ముందే పెట్టుకోమని చెప్పాల్సింది నేనే. ఆఫీసు క్యాలెండర్ చూసుకుని జనవరి అన్నాను.

తిరిగొచ్చాక నాలుగు రోజులు ఆ ఫైలు తెరవడం, మూయడం. సభ జరిగినట్టు రాస్తే అబద్ధం. చివరికి కారణం అన్నచోట 'నిర్లక్ష్యం' అని రాసి పంపాను. నా తప్పు రాసుకునే గడి ఆ ఫారంలో లేదు. ఉంటే రాసేవాణ్నా అంటే, చెప్పలేను.

సాయవ్వ పదవి పోయింది. ఉప సర్పంచ్ బస్వరాజ్ చార్జి తీసుకున్నాడు. నలభై ఎకరాల ఆసామి. గౌరవ వేతనం వచ్చిందా అని ఒక్కసారీ అడగలేదు, పంచాయతీ ఆఫీసుకూ రాలేదు. తీర్మానాల రిజిస్టరే ఆయన ఇంటికి పోయి సంతకాలు చేయించుకుని వచ్చేది. ఎండాకాలంలో బోరు మళ్లీ చెడింది. సర్పంచును అడగరేమని ఊరివాళ్లను నిలదీశాను.

"ఏమని అడుగుతం సార్, ఆయనేమన్న జీతం తింటుండా?" అన్నాడొక ముసలాయన.

ఆ వేతనం మీద బతకలేని మనిషి పదవిలో నిలవదు. దాని అవసరమే లేని మనిషిని ఎవరూ పని అడగరు. బస్వరాజ్ పనితీరు గురించి ఆ ఏడాది నేను రాసింది ఒకటే మాట: 'సంతృప్తికరం'. రెండు గ్రామసభలూ రిజిస్టర్‌లో ఉన్నాయి.