ఊఁ కొట్టని డబ్బా

మా పక్కింటి పెద్దమ్మ చెప్పిన ఉప్పెన కథ సీడీలో వచ్చిందన్న కబురు నాకు మొదట మోసుకొచ్చింది పాలు పోసే సుబ్బులు.

అంతకు చాన్నాళ్ల ముందు అవనిగడ్డ నుంచి ఒకాయన టేప్‌రికార్డర్ పట్టుకుని మా నాగాయలంక వచ్చారు. పెద్దమ్మ రెండు మాటలు చెప్పి ఆగిపోయింది.

"ఏవయ్యా, నీ డబ్బా ఊఁ కొట్టదా?"

"అది వింటుందండీ, మీరు చెప్పండి."

"వింటే పలకదేం? మా గేదె నయం."

చిన్నప్పటినుంచీ చెల్లెలు ఊఁ కొడితేనే ఆవిడ కథ చెప్పేది. ఆ చెల్లెల్నే ఉప్పెన తీసుకుపోయింది. చివరికి ఊఁ కొట్టడానికి నన్ను కూర్చోబెట్టారు. బడి మొహం చూడకపోయినా, మా నాన్నగారి పురాణాలకి ఊఁ కొట్టే భాగ్యం దేవుడిచ్చాడు. ఆ అనుభవంతో దండిగా కొట్టాను.

తీరా సీడీలో నా ఊఁలు ఒక్కటీ లేవు. అడ్డమని కంప్యూటర్లో తుడిచేశారట. పెద్దమ్మ కాసేపు విని, "ఎవరే ఈ పిచ్చిది, తనలో తనే మాట్లాడుకుంటోంది? ఆపు" అంది.

ఇప్పుడు ఆవిడా లేదు. గొంతు దక్కింది, అందుకు ఆ డబ్బాకీ ఓ దండం. ఆ సీడీ మీ చేతికొస్తే, ఆవిడ ఆగిన చోటల్లా ఊఁ అనండి. ఆ చెల్లెల్ని తలుచుకున్నట్టవుతుంది.