నారుమడి రంగు గది

మొన్న కరీంనగర్‌లో మా ఇంటికి రంగులు వేయించాం. మేస్త్రీ వెళ్ళిపోయాక ఇంకా తడారని గోడల పచ్చి వాసన ఇల్లంతా పట్టుకుని ఉంది. పిల్లలకది సంబరం, మా ఆయనకు తలనొప్పి. నాకు మాత్రం గోదావరిఖనిలో మా రెండు గదుల క్వార్టరు, బకెట్లో బుసబుసమంటూ ఉడికే సున్నం, మోచేతుల దాకా పచ్చరంగు అంటుకున్న మా అమ్మ కళ్ళముందుకొచ్చారు. అమ్మను మేము అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలిచేవాళ్ళం.

అప్పటికింకా తెలంగాణ రాలేదు. నాకు తొమ్మిదేళ్ళు. బాపు బొగ్గుబాయిలో దిగి పనిచేసేవాడు. పొద్దుగూకితే క్వార్టర్ల వరసంతా వాకిళ్ళలో బొగ్గుల పొయ్యిలు రాజుకునేవి, ఆ పొగలోనే మేము దాగుడుమూతలాడేవాళ్ళం. వానాకాలంలో ఆ నిప్పుల మీదే మక్క కంకులు కాల్చుకుని, ఉప్పూకారం రుద్దుకుని, మూతులు మసి చేసుకుని తినేవాళ్ళం. దండెం మీద ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేది. మాకదేమీ వింతగా ఉండేది కాదు.

ఆ ఏడు వానాకాలంలోనే బాయిలో పైనుంచి బండ కూలి, బాపు దాని వెనక ఒక పూటంతా చిక్కుకుపోయాడు. దెబ్బలు నెలరోజుల్లో మానాయి గానీ మనిషి ఇంట్లోకి రావడం మానేశాడు. గడప మీదే అన్నం తినేవాడు, వాకిట్లో మంచమేసుకుని వాన పడితే గోనెసంచి కప్పుకుని కూర్చునేవాడు. లోపలికి రమ్మంటే ఒళ్ళంతా చెమటలు పట్టేవి. దవాఖానలో డాక్టరు చూసి, కొంతకాలం బాయిలోకి దించొద్దని రాసిచ్చాడు. అట్లా బాపును పైన దీపాల గదిలో వేశారు. బాయిలోకి దిగేవాళ్ళకు టోపీ దీపాలు అందించే పని.

ఒకనాడు మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి అవ్వ గదిలో ఇదివరకు బాపు మంచం ఉన్న చోట నేల మీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తోంది. నన్నూ పక్కన పడుకోమంది. ఏళ్ళ తరబడి పట్టిన పొయ్యి పొగకు పైకప్పు నల్లగా నిగనిగలాడుతోంది, సరిగ్గా తల మీదికి సజ్జ, దాని మీద ఇనుప పెట్టెలు.

"మీ బాపుకు ఇది ఇల్లు లెక్క కొడ్తలేదు బిడ్డ, బాయి లెక్క కొడ్తంది," అంది.

మర్నాటి నుంచే పని మొదలైంది. పెట్టెలన్నీ దింపి వంటగదిలోకి చేర్చింది, మంచానికి కిటికీ కింద చోటు చేసింది. పెండ్లయిన కొత్తలో ఊళ్ళో నారుమడి గట్టు మీద బాపు ఊరికే నిలబడి చూస్తుండేవాడట, గోడకు ఆ రంగే కావాలంది. సున్నంలో పచ్చరంగు కలిపి గోడ మూలన ఒక్కో పట్టీ పూయడం, ఆరేదాకా చూడడం, తడిగా ఉన్నప్పుడు కుదిరిందనుకున్నది ఆరాక వెలవెలబోతే మళ్ళీ కలపడం, నాలుగు రోజులు అదే పని. పైకప్పుకు మాత్రం తెల్లసున్నం మూడుసార్లు వేశారు. వేసింది పోశన్న కాక. బాపుతో ఒకేరోజు పనిలో చేరినవాడు, మాకు రెండిళ్ళ అవతల ఉండేవాడు. నిచ్చెన మీద నుంచి నా ముక్కు మీద కావాలనే సున్నం చుక్కలు రాల్చి నవ్వేవాడు.

మొదట బాపు గుమ్మంలో నిలబడి చూశాడు. వారానికి లోపల కూర్చుని చాయ తాగాడు. బతుకమ్మ పండుగ మొదలయ్యే నాటికి ఆ గదిలోనే పడుకుంటున్నాడు. పండుగ చివరన సద్దుల నాడు రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు చేతిలో పట్టుకుని, పచ్చగోడకు ఆనుకుని, చిన్ననాటి ముచ్చట్లు చెప్పాడు. అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని వంటగదిలోకి వెళ్ళింది.

దసరానాడు పోశన్న కాక జమ్మి ఆకు తెచ్చి బాపు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నాడు. వెంట గని ఆఫీసు సారు ఒకాయన ఉన్నాడు. అవ్వ యాటకూర, గారెలు వడ్డించింది. ఆ సారు గదంతా చూసి మెచ్చుకుని, నాయిన రాత్రి మంచిగ పడుకుంటున్నాడా అని నన్నడిగాడు. నాకు ఎక్కడలేని గర్వం వచ్చింది. తలుపులేసుకుని పొద్దెక్కేదాకా పడుకుంటాడని, ఇప్పుడు దేనికీ భయపడడని చెప్పాను. పోశన్న కాక నా తల నిమిరాడు.

పది రోజులకు బాపును మళ్ళీ బాయిలోకి దిగమన్నారు. దీపాల గదిలోకి పోశన్న కాక వచ్చాడు.

అవ్వ నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. కాక తలెత్తకుండానే మాట్లాడాడు.

"నడుం పని చేస్తలేదు వదినె, నేనింక దిగలేను. అన్నకు మంచిగైంది గదా. నేనేం అబద్ధం చెప్పిన్నా? మీ బిడ్డనే చెప్పె సారుతోని."

అవ్వ ఇంటికొచ్చి, మిగిలిన తెల్లసున్నమంతా కలిపి, బాపును మళ్ళీ బాయిలోకి నెట్టింది ఆ రంగేనన్నట్టు, పచ్చగోడ మీద తానే పూసేసింది. బాపు వద్దనలేదు. బాయిలోకి దిగడం మొదలయ్యాక మంచం మళ్ళీ వాకిట్లోకి పోయింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు, ప్రతి షిఫ్టుకూ, బాపు పోశన్న కాక చేతుల మీదుగానే దీపం తీసుకుని లోపలికి దిగాడు.

ఇప్పుడు ఆ వరస క్వార్టర్లు లేవు. ఓపెన్‌కాస్టు గని తవ్విన మట్టి గుట్టలుగా పోసిన చోట మా వాకిలి ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. బొగ్గుల పొయ్యిలూ పోయాయి, పోశన్న కాకా పోయాడు. బాపు ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నాడు. మొన్న రంగుల పని జరుగుతుండగా, ఇన్నేళ్ళకు ధైర్యం చేసి, ఆనాడు సారుకు చెప్పింది నేనేనని ఆయనతో అన్నాను.

"ఎర్కే బిడ్డ," అన్నాడు. "గప్పుడే ఎర్క. నాకెర్కయిందని తెలిస్తే నువ్వు మల్ల ఎవ్వలతోని నోరిప్పి మాట్లాడవని ఊకున్న."

ఆయనకు తెలియనిది ఒకటుంది. ఆ దసరా తర్వాత, మీ ఇంట్లో అందరూ ఎట్లున్నరని అడిగిన ఒక్కరికి కూడా నేను నిజం చెప్పలేదు.