అజూబా హద్దురాయి

హెబ్రోను దారిలో ఉన్న మా కొండ ఊళ్ళో తగవులన్నీ ఊరి గవిని దగ్గరే, అంటే ఊళ్ళోకి వచ్చే పెద్ద ద్వారం దగ్గరే తీరుస్తారు. పెద్దలు అక్కడి రాతి అరుగుల మీద కూర్చుంటారు. అజూబాను పదే పదే తిప్పి పంపింది ఆ అరుగుల దగ్గరి నుంచే.

అజూబా మా పక్కింటావిడ. భర్త పోయాక ఇద్దరాడపిల్లలతో మిగిలింది. ఆమెకున్నదల్లా కొండవాలులో ఒక యవల చేను. దాన్ని ఆనుకుని ఉన్న భూమంతా మెషుల్లాముది. అతను మందలున్నవాడు, అరుగుల మీది పెద్దల్లో ఒకడు. ప్రార్థన మొదలుపెట్టాడంటే పక్కన నిలబడ్డవాళ్ళ కాళ్ళు తిమ్మిరెక్కాల్సిందే.

ఒక ఏడు దుక్కుల వేళ హద్దురాయి అజూబా చేలోకి జరిగింది. రాళ్ళు లేని మంచి నేలంతా అవతలికి పోయింది. ఆమె నేరుగా గవిని దగ్గరికి వెళ్ళి చెప్పుకుంది. పెద్దలు ఇద్దరు సాక్షులు కావాలన్నారు, తర్వాత రమ్మన్నారు. వెళితే మళ్ళీ రమ్మన్నారు. మెషుల్లాము ఆ పెద్దల మధ్యే గడ్డం నిమురుకుంటూ కూర్చుని, తన మీది ఫిర్యాదును తానే వినేవాడు. అది ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

యవలు పండాయి. ఆ నేల మీది పంట అతనే కోయించుకున్నాడు. కోతలయ్యాక కృతజ్ఞతగా బలి ఇచ్చి ఊరందరినీ భోజనానికి పిలిచాడు. అజూబానూ పిలిచాడు. విధవరాలికి పెడితే పుణ్యం మరి!

ఆమె వచ్చింది. ఆమె ముందు రొట్టె, మాంసం పెట్టారు. కూర్చోలేదు.

"తినమ్మా. దేవుడి పేర పెట్టింది, కాదనకూడదు," అన్నాడు మెషుల్లాము.

"నీది పెడితే తిందును," అంది అజూబా. "ఈ రొట్టె నా చేలోది. నా పిల్లల నోటి దగ్గరది లాక్కొచ్చి ఆయన ముందు పెట్టావు. ఆయనేమన్నా తిండికి మొహం వాచి ఉన్నాడా?"

పండగపూట ఈ గోలేమిటని ఒక పెద్దాయన విసుక్కున్నాడు. ఆమె అతని వైపు తిరిగింది.

"గవిని దగ్గర అడిగితే తర్వాత అన్నారు. ఇక్కడ అడిగితే పండగంటున్నారు. ఏ పూట అడగమంటారో మీరే చెప్పండి, పెద్దయ్యా."

అప్పుడు, వడ్డిస్తున్న జాబూదు గిన్నె కింద పెట్టాడు. అతను మెషుల్లాము దగ్గర దుక్కి దున్నేవాడు.

"రాయి జరిపింది నేను. ఈయన జరపమంటే జరిపాను," అన్నాడు. "రెండోవైపు పట్టినవాడు ఆ పొయ్యి దగ్గరున్నాడు, అడగండి."

పొయ్యి దగ్గరివాడు తలెత్తకుండానే ఔనన్నాడు.

మర్నాడు పెద్దలు రాయిని పాత చోట పెట్టించారు. కోసుకున్న పంట ఊసు మాత్రం ఎత్తలేదు. న్యాయం జరిగింది, ఇక ఊరుకోమని అందరూ ఆమెకు బుద్ధులు చెప్పారు. సాయంత్రం మెషుల్లాము గాడిద మీద ఒక బస్తా యవలు పంపాడు, పేదరాలికి దానమని చెప్పి. ఆమె బస్తా దించనివ్వలేదు. పిల్లల మొహం చూసి తీసుకో వదినా అన్నాను. నా మీద విరుచుకుపడింది.

"రాయి వెనక్కి పెట్టించడం న్యాయం. అది పదిమంది కూర్చుని చేయించారు. నీతి అట్లా కాదు, వాడంతట వాడు చెయ్యాలి. నా గింజలు నాకిస్తూ దానమంటాడా? 'ఇవి నీవే' అని చెప్పమను, ఇప్పుడే దించుకుంటా."

ఆ ఒక్క మాట మెషుల్లాము నోట రాలేదు. గాడిద మోసుకొచ్చిన బస్తాతోనే తిరిగి వెళ్ళింది. ఆ ఏడు ఆమె, పిల్లలు ఇతరుల చేలల్లో కోతలప్పుడు రాలిన పరిగె ఏరుకుని బతికారు. జాబూదు పని పోయింది. అజూబా అతన్ని పిలిచి తన చేను పాలుకిచ్చింది.

మెషుల్లాము ఇంకా ఆ అరుగు మీదే కూర్చుంటున్నాడు, అంతే పొడుగు ప్రార్థనలు చేస్తున్నాడు. అయితే ఏ దిక్కులేనివాళ్ళ తగవు వచ్చినా అజూబా వెళ్ళి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడుతుంది. ఆమె చూస్తుండగా తర్వాత రమ్మనడానికి పెద్దలకు నోరు రాదు.

ఆమె కోపం చల్లారాలని మా ఆవిడ దేవుణ్ణి వేడుకుంటూ ఉంటుంది. నేను మాత్రం దానికి ఆమేన్ అనను.