ఎర్ర తువ్వాలు కట్టి ఉరికిన మా బావ అశ్వత్థప్ప

మా చెల్లెలి భర్త అశ్వత్థప్ప ఇక లేడన్న వార్త పెనుకొండ బడిలో, పదో తరగతికి సంధులు చెబుతున్న వేళ నన్ను చేరింది. హెడ్మాస్టరు గదిలో ఫోను వచ్చిందన్నారు. అవతల ఖాదర్‌వలి. హిందూపురంలో మా వీధివాడే. ధర్మవరం బజారులో గాజుల అంగడి నడుపుకుంటూ రోజూ మాతోపాటే ఉదయపు ప్యాసింజరు ఎక్కే మనిషి. "సార్, మీ బావ దోవలో పడిపోయినాడు. ఆస్పత్రికి తెచ్చినాము. లేడు సార్" అన్నాడు. దిగ్భ్రాంతి అనే మాటకు ఇన్నేళ్ళుగా పిల్లలకు అర్థం చెబుతూ వచ్చాను. అర్థం నాకు ఆ క్షణాన తెలిసింది. కానీ అది ఎంతోసేపు నిలవలేదు. దాని వెనకే కోపం వచ్చింది. ఈ నాలుగు మాటలు రాస్తున్న ఇప్పటికీ ఆ కోపం పోలేదు.

పోయినవాళ్ళను గురించి మంచే చెప్పాలంటారు. సంతాపసభలో అందరూ ఆ పని యథాశక్తి నెరవేర్చి, నాకు ఏమీ మిగల్చలేదు. వృత్తిని, సంసారాన్ని, సాధనను త్రివేణీసంగమంలా సమన్వయం చేసుకున్న కర్మయోగి అని ఒకరన్నారు. కాలాన్ని జయించిన ధీరుడని ఇంకొకరు. వేదిక మీద కూర్చుని నేను పళ్ళు నూరుకున్నాను. సమన్వయమట! అశ్వత్థప్ప దేనితోనూ సర్దుకోలేదు. సర్దుకున్నది మేము. నా చెల్లెలు నాగరత్న, దాని బిడ్డ, నేను, ఖాదర్‌వలి, చివరికి దోవలో ఉన్న ఊళ్ళు కూడా.

హిందూపురంలోని ఒక పట్టునూలు వ్యాపారి దగ్గర అశ్వత్థప్ప ఏజెంటు. నూలు సంచి భుజాన వేసుకుని ధర్మవరం పోయి, మగ్గాలవాళ్ళకు ఇచ్చి, వాళ్ళకు కావలసిన రంగులు కనుక్కుని సాయంత్రం బండికి తిరిగి రావాలి. వారంలో ఆరు రోజులు ఇదే తిరుగుడు. ఇలాంటి ఉద్యోగం ఉన్నవాడు ఇల్లు చేరి కాళ్ళు చాపుకుంటాడు. మావాడికి ముప్ఫై దాటాక, తొంభైల నడుమ, బెంగుళూరులో దూరపు పరుగుపందెం ఒకటి కంటపడింది. నలభై రెండు కిలోమీటర్లు ఆడవాళ్ళు, ముసలివాళ్ళు సైతం పరుగెత్తడం చూసి వచ్చాడు. ఆనాటి నుంచి మా ఇళ్ళలో శాంతి అనే పదార్థం లేదు.

"సాధనకు టైము యాడుండాది?" అని నేను అడిగితే, "టైము లేదు గానీ దోవ ఉండాది గదా బావా" అన్నాడు. ఆ మాటనే ఇప్పుడు కుర్రాళ్ళు సూక్తిగా చెప్పుకుంటున్నారు. అసలు కథ ఇది. ధర్మవరానికి ముందొచ్చే చిన్న స్టేషనులో అతను దిగిపోతాడు. నూలు సంచి, మడతపెట్టిన ప్యాంటు, చొక్కా, టిఫిను డబ్బా ఖాదర్‌వలి ఒళ్ళో పడతాయి. ఖాదర్‌వలి వాటిని ధర్మవరం దాకా మోసి అంగట్లో పెట్టుకోవాలి. మావాడు నిక్కరుతో రోడ్డు పట్టుకుని ఉరుకుతూ వస్తాడు. సాయంత్రం తిరుగుబండిలో పెనుకొండలో దిగి కొండదారి ఎక్కి దిగి, వెనకొచ్చే బండి అందుకుని ఇల్లు చేరతాడు. అంతవరకూ నాగరత్న సంగటి ముద్ద ఆరిపోకుండా గిన్నె మీద గిన్నె బోర్లించి కూర్చోవాలి. వాడికి దోవ దొరికింది సరే, ఆ దోవకు కాపలా మేము కాశాము.

రైల్లో ఉన్నంతసేపైనా మనిషిలా ఉండేవాడా? కూర్చునేవాడు కాదు. సామాన్ల పలక పట్టుకుని మునివేళ్ళ మీద లేచి దిగి, లేచి దిగి, హిందూపురం నుంచి పెనుకొండ దాకా అదే తంతు. ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని పక్క పెట్టెలోకి పోయేవారు. "కూర్చో బావా, నా పరువు తీయొద్దు" అంటే, "పిక్కలు గట్టిపడాల బావా" అనేవాడు. నేను పనిచేసే బడి పిల్లల తల్లిదండ్రులు అదే పెట్టెలో ఉండేవారు. తెలుగు పండితుడి బావ పిక్కల సంగతి ఊరంతా తెలిసిపోయింది.

మా పక్క పల్లెల్లో ఈడొచ్చిన మగవాడు పనిలేకుండా పరుగెత్తడు. బరువు లేకుండా, ఎద్దు వెంట కాకుండా, పొద్దున్నే రోడ్డు మీద ఒక మనిషి ఉరుకుతున్నాడంటే అది చావుకబురే. ఈ జ్ఞానం ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ ఉంటుంది, అశ్వత్థప్పకు తప్ప. మొదటి రోజుల్లోనే ధర్మవరం దోవలోని ఒక ఊళ్ళో ఆడవాళ్ళు అతని వెంటపడి, "ఎవురు పోయినారప్పా? నిలబడప్పా!" అని కేకలేశారు. ఆగి రెండు ముక్కలు చెబితే ఏం పోయేది? ఊపిరి తప్పుతుందని ఆగలేదు. ముందుకు పోవాలన్నట్టు ధర్మవరం దిక్కుగా చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఆ ఊరి పెద్దాయన ఒకాయన అప్పుడు ధర్మవరం ఆస్పత్రిలో ఉన్నాడు. ఇంకేముంది, ఆ ఇంట్లో ఏడుపులు. పొయ్యి ఆర్పి వండిన అన్నం పారబోశారు. బంధువులు బండి కట్టుకుని ఆస్పత్రికి పోతే, పెద్దాయన మంచం మీద కూర్చుని ఇడ్లీలు తింటున్నాడు.

మరునాడు ఊరివాళ్ళు అడ్డంగా నిలబడి అశ్వత్థప్పను పట్టుకున్నారు. నాలుగు తగిలించి ఉంటే ఈ రోజు నేను ఇది రాయవలసిన అవసరమే ఉండేది కాదు. కానీ ఆ ఇడ్లీల పెద్దాయన, అప్పటికి ఇల్లు చేరి, తీర్పు చెప్పాడంట. "ఉరికితే ఉరుకు నాయనా. తలకు ఎర్రగుడ్డ కట్టుకో. చావుకబురు తెచ్చేటోడు ఎర్రగుడ్డ కట్టుకోడు. మాకు గుర్తు తెలుస్తాది." ఆనాటి నుంచి వాడి తలకు ఎర్ర తువ్వాలు. చివరి రోజు దాకా ఆ మాట తప్పలేదు. ముక్కూమొహం తెలియని ఊరికి ఇచ్చిన మాట మీద అంత గౌరవం! ఇంట్లోవాళ్ళ మాట మీద ఎంత ఉండేదో ముందు ముందు చెబుతాను.

వాడి కొడుకు పుట్టువెంట్రుకలు తీయించడానికి కదిరికి పోయాము. వ్యాను మాట్లాడింది నేను. మేనమామ ఒళ్ళో బిడ్డ కూర్చోవాలి గనుక నేను ముందే తలస్నానం చేసి సిద్ధమై ఉన్నాను. కదిరి ఇంకా దూరముందనగా అశ్వత్థప్ప వ్యాను ఆపించి, "మీరు పోతాండండి, నేను వెనకాలనే వస్తా" అని దిగిపోయాడు. వెనకాలనే! మంగలి కత్తి నూరుకుని కూర్చున్నాడు. ముహూర్తం జారిపోతోంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తున్నాడు, నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. తండ్రి రానిదే కత్తి పెట్టకూడదని మా అమ్మ పట్టు. చివరికి వచ్చాడు, నిలువెల్లా చెమట, మోకాళ్ళ దాకా దుమ్ము. పూజారి ఆ అవతారం చూసి గడప అవతలే ఆపేశాడు. "నీళ్ళు పోసుకుని రాప్పో, పెండ్లాం బిడ్డలతో గుడికి వచ్చే వేషమేనా ఇది?" నాగరత్న మాత్రం కొంగుతో వాడి మొహం తుడుస్తూ నవ్వింది. అందరిముందూ నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

బెంగుళూరు పందెంలో చివరికి పరుగెత్తాడు కూడా. అతను గమ్యం చేరేటప్పటికి తోరణాలు విప్పుతున్నారట. బహుమతి లేదు, పేపర్లో పేరు లేదు. అక్కడ పంచిన అరటిపండు తినకుండా నాగరత్న కోసం జేబులో పెట్టుకుని తెచ్చాడు. ఇల్లు చేరేసరికి అది నల్లగా నలిగిపోయింది. ఆ మహాతల్లి దాన్ని పాయసంలా తిన్నది. ఇలాంటివాళ్ళకు బుద్ధి చెప్పడం బ్రహ్మతరమా?

ఇక నా కోపానికి అసలు కారణం. రెండేళ్ళ కిందట ఎండాకాలంలో అశ్వత్థప్ప ధర్మవరంలో ఒక మగ్గం గుంట పక్కన కళ్ళు తిరిగి పడ్డాడు. హిందూపురంలో డాక్టరు చూసి, గుండె బాగాలేదనీ, ఇక నడక తప్ప పరుగు పనికిరాదనీ నా ఎదుటే, నాగరత్న ఎదుటే చెప్పాడు. వాడి సంగతి నాకు తెలుసు. ఆ తరువాతి గురువారం ఇద్దరినీ పెనుకొండ దర్గాకు తీసుకుపోయాను. అక్కడ ఒట్టు వేస్తే మా పక్క హిందువైనా, ముసల్మానైనా తప్పడు. "నాగరత్న తలమీద చెయ్యి పెట్టి చెప్పు" అన్నాను. వాడు చాలాసేపు గోడ చూశాడు. తరువాత చెయ్యి పెట్టాడు. "ఇంక ఉరకను" అన్నాడు.

ఆ వానకాలమంతా నా జీవితంలోకెల్లా ప్రశాంతమైన కాలం. అశ్వత్థప్ప రైల్లో కిటికీ పక్కన కూర్చునేవాడు. చొక్కా నలిగేది కాదు. నూలు సంచి తన కాళ్ళ దగ్గరే పెట్టుకునేవాడు. నేను పేపరు చదువుతుంటే వినేవాడు, లేదా విన్నట్టు ఉండేవాడు. నాకు మంచి బావ దొరికాడు ఇన్నాళ్ళకు అనుకున్నాను. చెల్లెలి పసుపుకుంకుమలు నేనే కాపాడానన్న గర్వం కూడా కాస్త ఉండేది.

శీతాకాలంలో పరీక్షల పని మీద నేను ధర్మవరం పోవలసి వచ్చింది. నాది వేరే పెట్టె. ధర్మవరంలో దిగి చూస్తే ఖాదర్‌వలి భుజాన నూలు సంచి వేసుకుని పోతున్నాడు. "సంచి ఉండాది, మనిషి యాడ?" అని అడిగాను. ఖాదర్‌వలి ఆకాశం చూశాడు. "మీరూ మీరూ చూసుకోండి సార్, నన్ను నడుమ పెట్టొద్దు" అన్నాడు. నేను వాడి అంగడి ముందే నిలబడ్డాను. కాసేపటికి బజారు మొగదల ఎర్ర తువ్వాలు కనబడింది. నన్ను చూసి కూడా వాడు వేగం తగ్గించలేదు. వచ్చి, రొప్పుతూ, "కాఫీ తాగుదాం రా బావా" అన్నాడు.

నడిబజారులో నోటికొచ్చినట్టు తిట్టాను. "నా చెల్లెలి తల అంటే నీకు అంత అగ్గువగా ఉండాదా?" అన్నాను. వాడు ఒక్క మాటకైనా బదులు చెప్పలేదు. ఇకమీదట నీ మొహం చూడనని చెప్పి వచ్చేశాను. ఆనాటి నుంచి వాడు ఎక్కిన పెట్టె నేను ఎక్కలేదు. నాగరత్నకు మాత్రం చెప్పలేదు. ఒట్టు తప్పాడని తెలిస్తే భయంతోనే సగం చచ్చిపోతుందని ఆ సంగతి కడుపులో దాచుకుని తిరిగాను.

ధర్మవరం ఊరి మొదట ఒక చింతచెట్టు ఉంది. పరుగు ముగిశాక దాని కింద వెల్లకిలా పడుకుని కాళ్ళు మానుకు ఆనించి కాసేపు ఉండటం వాడి అలవాటు. ఆ దోవన పోయే గొర్రెలకాపరులందరికీ తెలిసిన దృశ్యమే. మొన్న కూడా చూశారట. "ఎర్రగుడ్డాయప్ప పండుకోనుండాడు, లేపితే బాగుండదు" అనుకుని పక్కనుంచి పోయారట. ఎండ ఎక్కుతున్నా సంచి కోసం రాకపోయేసరికి ఖాదర్‌వలి సైకిలు మీద వెతుక్కుంటూ పోయాడు. అప్పటికే అంతా అయిపోయింది. దోవ పొడుగునా తన జోలికి ఎవరూ రాకుండా జనానికి నేర్పిపెట్టిన మనిషికి, అవసరమొచ్చిన రోజున ఎవరూ రాలేదు. దీనికి నేను ఎవరిని తిట్టాలి?

దినాలు ముగిశాక హిందూపురం కుర్రాళ్ళు కొందరు ఇంటికి వచ్చారు. ఏటా అశ్వత్థప్ప పేరున పరుగు పెడతారట, నాగరత్న జెండా ఊపాలట. నేను గుమ్మంలోనే కసిరి పంపాను. లోపలికి పోతే నాగరత్న బియ్యం ఏరుతోంది.

"వాళ్ళకు సరే అని చెప్పిపంపినా అన్నా, నిన్ననే" అంది.

"నీకు మతి ఉండాదా? ఆ ఉరుకే గదా వాణ్ణి మింగింది! నీ తలమీద చెయ్యి పెట్టి ఒట్టేసి తప్పినోడు. నీకు తెలీదు గానీ..."

"తప్పలేదన్నా. నా తలమీద పెట్టిన చెయ్యి నేనే తీసేసినా."

అది చేట పక్కన పెట్టింది.

"నువ్వు ఆయప్పను రైల్లో చూసినావు, కుదురుగా ఉండాడనుకున్న్యావు. నేను ఇంట్లో చూస్తాంటి. పెడితే తింటాండె, లేకుంటే అడిగేది లేదు. బిడ్డ పలకరిస్తే ఊ అనేది గూడా లేదు. గోడకల్లా చూసుకుంటా కూచుంటాండె. దీపావళి ముందర నేనే బూట్లు అటక మీంచి దించి కడిగి ముందర పెట్టినా. పో అన్నా. నువ్వు తట్టుకోలేవని నీకు చెప్పొద్దన్న్యా."

"చచ్చిపోతాడని తెలిసీ పంపిస్తివా?"

"ఉరికితే చచ్చిపోతాడేమో అని తెలుసు. ఇంట్లో కూచుని చచ్చిపోతాండేది కండ్లారా చూస్తాంటి గదన్నా."

అని మళ్ళీ చేట అందుకుంది. ఆ బజారులో నేను తిట్టినంతసేపూ అశ్వత్థప్ప ఎందుకు నోరు విప్పలేదో అప్పుడు అర్థమైంది. పెళ్ళాం చెప్పొద్దన్నది, చెప్పలేదు. నా చేత ఒట్టు తప్పినవాడని అనిపించుకుని, ఏడాదికి పైగా పక్క పెట్టెలో ప్రయాణం చేసి, అలాగే పోయాడు.

అశ్వత్థప్పా, అందరూ నీ ఆత్మకు శాంతి కోరుతున్నారు. నేను కోరను. నీకు శాంతి సరిపడదని నా చెల్లెలు సాక్ష్యం చెప్పింది. ఆమె నిన్ను మనస్ఫూర్తిగా సాగనంపింది. అది ఆమె గొప్పతనం, నాకు అంత గొప్పతనం లేదు. నేను నిన్ను క్షమించను. ఏమున్నా నాతో చెప్పి ఉండవలసింది. మళ్ళీ తిట్టేవాణ్ణే, ఒప్పుకునేవాణ్ణి కాదు, కానీ ఒకే పెట్టెలో కూర్చుని తిట్టేవాణ్ణి. నిన్న ఉదయం ప్యాసింజరులో నా పక్కన జాగా ఖాళీగా ఉంది. ఎవరో ఒకాయన వచ్చి, "ఈడ ఎవరన్నా ఉండారా సార్?" అని అడిగాడు. లేరు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పెనుకొండ వచ్చేదాకా ఆ పెద్దమనిషి నిలబడే ఉన్నాడు.