గిన్నె అంచులో దాగిన నీళ్ళు

మా ఆయన కాలేజీ బస్సు నడపడం మానేశాక కనకమామిడిలో మా ఇంటి వెనక కొలిమి పెట్టుకున్నాడు. పెద్దదేమీ కాదు. పాత పెయింటు డబ్బా లోపల మందంగా బంకమట్టి మెత్తి, పక్కన రంధ్రం చేసి, గాలికి చిన్న ఫ్యాను బిగించాడు. మొయినాబాద్‌లో మెకానిక్ షెడ్ల వాళ్ళు పారేసిన పిస్టన్లు తెచ్చి, బొగ్గుల మీద కరిగించి, ఇసుకలో పోసి తలుపు పిడులు చేసేవాడు. ఎవరికీ అమ్మడు. ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చిన పని. "గీ వయసుల ఆటలేందయ్యా" అంటే, "ఆటకు వయసేందే" అని నవ్వేవాడు.

నేను ఆ కొలిమి దగ్గరికి పోయింది మా అవ్వ గిన్నె కోసం. అవ్వంటే నన్నూ మా అక్కనూ కన్న తల్లి. ఆమె అన్నం వండిన సిల్వర్ గిన్నె అది. అల్యూమినియాన్ని మా దిక్కు సిల్వర్ అనే అంటాం. అడుగు అరిగి అరిగి వేలు దూరేంత తూటు పడింది. మాటు వేద్దామన్నా రేకులో బలం లేదు. పారేద్దామంటే మనసు రాదు. అంచు కింద అవ్వ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉంది మరి. నేను బడికి పోయింది రెండేళ్ళే. గిన్నె తోముతూ ఆ చుక్కలను వేలితో తడిమి నేర్చిన అక్షరాలే ఈ రోజుకీ గుర్తున్నాయి. అవ్వ పోయాక ఆమె పేరున్న వస్తువు అదొక్కటే మిగిలింది.

"కరిగించి, వేడి గిన్నె దించుకునే బిళ్ళ చేస్త. పేరు గూడ దాని మీద వచ్చేటట్టు చూస్త" అన్నాడు మా ఆయన.

సంగతి తెలిసి చేవెళ్ల నుంచి అక్క మొదటి బస్సుకే దిగింది. "అవ్వ గిన్నెను కాలవెడతావే? బుద్ధున్నదా నీకు?" అంటూనే లోపలికి వచ్చింది. ఎంతో బతిమాలితే ఒక షరతు మీద ఒప్పుకుంది. బిళ్ళ నాకు. పేరున్న ముక్క కోసి ఆమెకివ్వాలి. దాన్ని కొలిమిలో వేయకూడదు.

నేను ఆ పొద్దున్నే చింతపండు, బూడిద పెట్టి గిన్నెను తళతళా తోమి ఉంచాను. ఇంట్లోంచి గిన్నె ఎవరి చేతికి పోయినా కడిగి ఇవ్వడం మా అవ్వ నేర్పిన పద్ధతి. కొలిమికి ఇస్తున్నా అంతే అనుకున్నాను. కాసేపు ఎండలో బోర్లించాను కూడా.

మా ఆయన గిన్నెను కత్తిరించాడు. నా పాత వాయిల్ చీరలో జల్లించిన సన్నని మట్టిని కాస్త తడిపి చెక్క పెట్టెలో దట్టించి, బిళ్ళంత గుంట చేశాడు. పేరున్న ముక్కను సాపు చేసి, గుంట అడుగున అద్ది, ఊపిరి బిగబట్టి పైకి తీశాడు. మట్టిలో అవ్వ పేరు పడింది. పైన గిన్నె అంచు వంపు కూడా పడింది. అక్క ముక్కను తీసుకుని కొంగున కట్టుకుంది.

మిగతా ముక్కలు మూసలో, అంటే కరిగించే ఇనుప పాత్రలో, వేసి నిప్పు రాజేశాడు. ఎర్రగా సలసల కాగుతుందనుకున్నాను. కాదు. ముక్కలు ఉన్నట్టుండి ఒరిగి, ఒకదాని మీద ఒకటి వాలి, నీళ్ళయిపోయాయి. ఎండలో చూస్తే ఎరుపన్నదే లేదు. పాల మీద మీగడ లాంటి తెట్టు కట్టింది. గరిటెతో దాన్ని తీస్తే కింద అద్దంలా ఆకాశం కనబడింది. నలభై ఏళ్ళు మాకు అన్నం పెట్టిన గిన్నె అట్లా వణుకుతూ ఉంది.

"సగం తెట్టుకే పోయింది. తక్కువ పడ్డది" అన్నాడు మా ఆయన. "పిస్టన్ ముక్క ఒకటి ఏద్దునా?"

"ఏ లారీదో ఏమో, తెచ్చి అవ్వల కలుపుతవా మరిదీ?" అని అక్క కస్సుమంది. మా ఆయన పిస్టన్ ముక్కను పక్కన పెట్టేశాడు. తర్వాత ఆమే కొంగు ముడి విప్పింది. "ఇగో. గిది ఏయుండ్రి."

"పేరు సరిగ రాకుంటే ఎట్లనే అక్కా? మళ్ళ ఇది గూడ ఉండది."

"సగం అవ్వను పట్టుకొని నేనేం జేసుకోను? ఏయి."

నేనే వేస్తానన్నాను. పట్టకారుతో పట్టుకుని మూస మీదికి వంచానో లేదో, మా ఆయన నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "ఆగు! ముందుగాల సెగకు పెట్టు."

కొలిమి అంచున పెట్టాము. మడిచిన రేకు అంచులోంచి సుయ్‌మని బుడగలొచ్చాయి. నీళ్ళు!

"కడిగినవా?"

"కడగకుండ ఎట్లిస్తరయ్యా?"

ఆయన మొహం పాలిపోయింది. "కరిగిన దాంట్ల గా చుక్క పడితే ముగ్గురి మొహాల మీదికి ఎగిరేది."

"మరి గా మట్టి తడిగ లేదా?" అని అడిగాను.

"జరంత తడే. మట్టిల నుంచి ఆవిరి బయటికి పోతది. గీ మడతల చిక్కిన నీళ్ళు ఎటు పోతయే?"

నేను పట్టకారు కింద పెట్టేశాను. ముక్క పూర్తిగా ఎండిందని ఆయన చెప్పేదాకా కదలలేదు. తర్వాత వేశాను. అవ్వ పేరు కళ్ళ ముందే మెత్తబడి మునిగిపోయింది. ఆయన ఒక్క ధారగా మట్టిలో పోశాడు. చల్లారేదాకా అక్క నా చెయ్యి వదల్లేదు.

మట్టి పగలగొట్టి బిళ్ళను బ్రష్‌తో దులిపాడు. కంటికి ఏమీ కనబడలేదు. అక్క "అయ్యో" అంది. నేను కళ్ళు మూసుకుని వేలు పెట్టాను, చిన్నప్పుడు తోముతూ పెట్టినట్టే. ఒక చుక్క తగిలింది. పక్కన ఇంకొకటి. ఒక్కొక్క అక్షరమే పైకి చదివాను. అక్కడక్కడా చుక్కలు లేవు కానీ పేరు ఉంది, పైన అంచు వంపు కూడా ఉంది. మట్టిలోకి పోయి, నిప్పులో మునిగి, మళ్ళీ తన పేరు తానే రాసుకుని వచ్చింది మా అవ్వ. అదెట్లా జరిగిందో ఆయన ఎంత విడమరిచి చెప్పినా నా గుండెకు ఇప్పటికీ వింతే.

బిళ్ళను కడిగి, తుడిచి, అక్క సంచిలో పెట్టాను.

"నీదన్నవు కదనే?"

"ముక్క ఇచ్చింది నువ్వు. తీస్కపో."

అక్క దాన్ని బయటికి తీసి, అంచులన్నీ తిప్పి తిప్పి చూసింది. "మంచిగ ఆరవెట్టినవా లేదా?" అంది.